ఓటీపీ రాకుండానే పోయిన డబ్బు

అమ్మాయి పురిటికని పోయినేడాది సింగపూర్ వెళ్లి, మూడు వారాలుండి వచ్చాం. వచ్చిన రెండో వారంలో ఒకరోజు పొద్దున్నే ఎంవీపీ కాలనీ రైతుబజారులో బెండకాయలు ఏరుతుంటే ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. నా కార్డు మీద 1 డాలరు ఖర్చయిందట. ఏదో పొరపాటులే అనుకున్నాను. ఇంటికొచ్చి సంచి దింపేలోగా ఇంకొకటి వచ్చింది, ఈసారి 212 డాలర్లు. కాళ్లూ చేతులూ ఆడలేదు. నేనెవరికీ ఓటీపీ చెప్పలేదు. అసలు నాకు ఓటీపీయే రాలేదు!

మన దేశంలో కార్డుతో ఆన్‌లైన్‌లో కొంటే ఓటీపీ అడుగుతారు కదా, ఎక్కడైనా అంతేనని అనుకునేదాన్ని. చాలా విదేశీ వెబ్‌సైట్లకి అది అక్కర్లేదు. కార్డు నంబరు, గడువు తేదీ, వెనకాల ఉండే మూడంకెల సీవీవీ దొరికితే చాలు, డబ్బు లాగేస్తారు. ముందు ఒక డాలరు తీసేది కార్డు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికే. ఆ చిన్న మెసేజ్ చూసిన వెంటనే, ఆ బెండకాయల దగ్గరే నిలబడి కార్డు బ్లాక్ చేయాల్సింది.

సింగపూర్‌లో ఒక హోటల్లో బిల్లు కట్టేటప్పుడు కార్డు కుర్రాడి చేతికిచ్చాను, అతను లోపలికి పట్టుకెళ్లాడు. నా కార్డు వివరాలు అక్కడే పోయి ఉంటాయి. అలా ఎప్పుడూ ఇవ్వకండి. మెషిన్ మన దగ్గరికే తెమ్మనండి.

అంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటి చేశాను. 2020 నుంచి కొత్తగా ఇచ్చే కార్డులు మొదట మన దేశంలోని ఏటీఎంలలో, దుకాణాల్లోని మెషిన్ల మీదే పనిచేస్తాయి. విదేశాల్లో వాడాలంటే బ్యాంకు యాప్‌లో మనమే ఆన్ చేసుకోవాలి. పరిమితి కూడా మనమే పెట్టుకోవచ్చు. ఈ ఆన్, ఆఫ్ మీటలు ఏటీఎంకి, దుకాణానికి, ఆన్‌లైన్‌కి విడివిడిగా ఉంటాయి. నేను మూడూ ఆన్ చేసి వెళ్లాను, తిరిగొచ్చాక ఒక్కటీ ఆపలేదు. అక్కడ నేను కార్డు వాడింది దుకాణాల్లో, హోటళ్లలోనే. ఆన్‌లైన్‌ది ఆన్ చేయాల్సిన అవసరమే లేదు.

కార్డు వెనకాల ఉన్న నంబరుకే ఫోన్ చేసి బ్లాక్ చేయించాను. గూగుల్‌లో నంబరు వెతక్కండి, అక్కడ దొంగ నంబర్లుంటాయి. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి కూడా చెప్పాను. మన తప్పుగానీ బ్యాంకు తప్పుగానీ లేకుండా డబ్బు పోతే, మెసేజ్ వచ్చిన మూడు పనిదినాల్లోగా బ్యాంకుకి తెలియజేస్తే ఆ నష్టం మన మీద పడకూడదని రిజర్వ్ బ్యాంకు 2017లోనే చెప్పింది. ఆ మాట రాసి ఫిర్యాదు కాగితం ఇచ్చి, రసీదు తీసుకున్నాను. తొమ్మిదో రోజున డబ్బు ఖాతాలో పడింది. ఆ తొమ్మిది రోజుల టెన్షన్ మాత్రం పగవాళ్లకి కూడా వద్దు.

వచ్చేవారం మా మరిది, తోటికోడలు కౌలాలంపూర్ వెళ్తున్నారు. నిన్న రాత్రి ఆమె ఫోన్ తీసుకుని ఆన్‌లైన్ ఆపేశాను, దుకాణాలకి రోజుకి 20,000 రూపాయల పరిమితి పెట్టాను. మెసేజ్‌లు వచ్చేది మన నంబరుకే కాబట్టి, రోమింగ్ వేయించుకుని ఆ సిమ్ ఫోన్లోనే ఉంచమన్నాను.

"తిరిగొచ్చాక మిగతావి కూడా ఆపేయాలి కదక్కా?" అంది.

"ఇంటికొచ్చేదాకా ఆగకు. ఎయిర్‌పోర్టులో సామాను కోసం నిలబడ్డప్పుడే ఆపేయ్" అన్నాను.