షింజుకులో వాన, ఒనిగిరి

టోక్యోకి ఒక్కదాన్నే వెళ్తున్నానంటే గుంటూరు బ్రాడీపేటలో మా పిన్ని అడిగిన మొదటి మాట, "తోడెవరూ లేకుండా ఎట్లా అమ్మాయ్?" అని. తోడు సంగతి సరే, షింజుకు స్టేషన్‌కి 200 పైగా దారులున్నాయి, ఎందులోంచి బయటపడినా హోటల్ మాత్రం అవతలి పక్కే ఉంటుంది, పైగా వాన, ఆ వానలోనే సూట్‌కేసు చక్రం ఊడింది. టెన్షన్‌కి ఆకలి తోడైంది. ఎదురుగా ఉన్న కొట్లో ఒనిగిరి, అంటే అన్నం ముద్ద, కొన్నాను. కవరు మీద 1, 2, 3 అంకెలుంటాయి, ఆ వరసలో లాగితే అది ఊడొచ్చి కరకరలాడే నోరి, అంటే ఎండబెట్టిన సముద్రపు నాచు రేకు, అన్నానికి చుట్టుకుపోతుంది. లోపల ఉప్పులో ఊరిన ఉమెబోషి పండు, ఆ పులుపుకి నాలుక జివ్వుమంది. (చిటికెడు మన కారం పడాల్సిందే, అది వేరే సంగతి.) ఎవరికీ సగం పెట్టక్కర్లేదు, ఇప్పుడెటు వెళ్దామని ఎవర్నీ అడగక్కర్లేదు. ఇంకోటి కొనుక్కున్నాను.