నాన్న పేరు మీద పాము

మాది చెన్నైలోని వేళచ్చేరి. పళ్ళికరణై చిత్తడి నేల దగ్గరే కాబట్టి వానలు మొదలైతే మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోకి పాములు రావడం మామూలే. నేను తొమ్మిదో క్లాసులో ఉండగా ఒకసారి జెర్రిపోతు వచ్చింది. ఫైర్ సర్వీస్ వాళ్ళు వచ్చి సంచిలో వేసుకుని వెళ్ళేదాకా అందరూ మెట్ల మీద నిలబడి కేకలు పెడుతుంటే, అది బైకుల మధ్య నుంచి జారిపోయే తీరు చూస్తూ నేను అలాగే ఉండిపోయాను. ఆ రాత్రి అన్నం తింటూ "మనం ఒక పామును పెంచుకుందామా?" అన్నాను. అమ్మ గరిటె కింద పెట్టి నా నుదురు ముట్టుకుని చూసింది.

జ్వరమేమీ లేదు. కానీ వాళ్ళను ఒప్పించడానికి ఏడాదిన్నర పట్టింది.

మొదట అడ్డం పడింది చట్టం. గిండీ స్నేక్ పార్క్‌కి వెళ్ళి అక్కడ వివరాలు చెప్పే ఆయన్ను "జెర్రిపోతును పెంచుకోవచ్చా సార్?" అని అడిగాను. నవ్వలేదు, ఓపిగ్గానే చెప్పాడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జెర్రిపోతు, నీరుకట్టె, కొండచిలువ, వేటినీ ఇంట్లో పెట్టుకోకూడదు. పట్టుకోవడమే నేరం. తరతరాలుగా పాములు పట్టే ఇరుళర్లకు కూడా అటవీ శాఖ అనుమతి కావాలట, విషం తీశాక మళ్ళీ అడవిలో వదిలేయాలట.

అది చూపిద్దామని ఒక ఆదివారం అమ్మానాన్నల్ని ఈసీఆర్ రోడ్డు మీద వడనెమ్మెలి తీసుకెళ్ళాను. 1978లో ఇరుళర్లు పెట్టుకున్న సహకార సంఘం అక్కడే, మొసళ్ళను పెంచే మొసళ్ళ బ్యాంక్ ఆవరణలో ఉంది. ఒక పెద్దాయన రక్తపింజరి తల పట్టుకుని గాజు పాత్ర అంచుకు ఆనించి విషం తీస్తుంటే అమ్మ నా చెయ్యి నొక్కేసింది. బయటికొచ్చాక "వాళ్ళకది బతుకుతెరువే, నీకేంది?" అంది. జవాబు దొరకలేదు. ఆ ట్రిప్పు వల్ల నా పని ఇంకో రెండు నెలలు వెనక్కి పోయింది.

తర్వాత బాల్ పైథాన్ గురించి చదివాను. ఆఫ్రికా పాము. విషం లేదు, పెద్దదైనా మూడు నుంచి ఐదు అడుగులు, భయమేస్తే ఉండలా చుట్టుకుని తల లోపల దాచుకుంటుంది. ఇరవై స్లైడ్‌లు తయారు చేసి హాల్లో టీవీలో చూపించాను. నాన్న చివరిదాకా చూసి మూడే అడిగాడు. ఇది ఎన్నేళ్ళు బతుకుతుంది? ఏం తింటుంది? నువ్వు హాస్టల్‌కి పోతే ఎవరు చూస్తారు? ఇరవై స్లైడ్‌లలో ఈ మూడింటికీ జవాబు లేదు! ఇరవై, ముప్ఫై ఏళ్ళు బతుకుతుందని నోటితో చెప్పేసరికి అమ్మ అందుకుంది: "అయితే అత్తారింటికి సారెతో పాటు దీన్నీ పంపాలా?"

పాముకు పాలు పోసి పెంచినా విషమే కక్కుతుందని సామెత చెప్పింది. పాములు పాలు తాగవన్నాను. మరి నాగుల చవితికి పుట్టలో పాలెందుకు పోస్తావని తెలివిగా అడిగాననుకున్నాను. "పుట్టలో ఉంటే దణ్ణం పెడతాం, ఇంట్లోకొస్తే కర్ర తీస్తాం" అంది. ఈ వాదనలో అమ్మను గెలవడం నా వల్ల కాలేదు. మీరూ ప్రయత్నించకండి.

ఎలుకల దగ్గర ఇంకా పెద్ద గొడవ. ఫ్రీజర్‌లో గడ్డకట్టిన ఎలుకలు పెట్టుకోవాలి, గోరువెచ్చని నీళ్ళలో కరిగించి పట్టకారుతో అందించాలి. "చేపల పక్కన ఎలుకలా?" అని అమ్మ లేచి వెళ్ళిపోయింది. చివరికి పక్కింటి పిల్లలకు లెక్కలు చెప్పిన డబ్బుతో చిన్న సెకండ్‌హ్యాండ్ ఫ్రిజ్ కొని నా గదిలో పెట్టుకున్నాను.

ఈలోగా స్నేహితుడి ద్వారా ఒక అమ్మేవాడి నంబర్ దొరికింది. నాన్న పేపర్లు అడిగితే "అవన్నీ ఎవరడుగుతారు సార్" అన్నాడు. నాన్న ఫోన్ పెట్టేశాడు. బ్యాంకాక్ నుంచి సూట్‌కేసుల్లో దాచి తెచ్చిన ఇలాంటి పాములను మన చెన్నై ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్ళు చాలాసార్లు పట్టుకున్నారు. నేను రెండు రోజులు ఏడ్చాను కానీ, ఆయన చేసింది సరైనదే.

అప్పుడు నాన్నే ఒక షరతు పెట్టాడు. పాము లేకుండా పెట్టె కొను, నెల రోజులు దాన్నే చూసుకో. మే నెల. వేడిగా ఉండే పక్క 31, 32 డిగ్రీలు, చల్లని పక్క 26 దాకా ఉండాలి. నా గదిలో మధ్యాహ్నం 38! పెట్టెను వేడి చేసే హీట్ మ్యాట్ కొన్నందుకు నవ్వొచ్చింది. పెట్టెను హాలు లోపలి గోడకు మార్చాను, రోజుకు మూడుసార్లు నోట్‌బుక్‌లో రాశాను. మూడో వారం రాత్రి రెండింటికి కరెంటు పోయింది. లేచి ఐసు కట్టిన నీళ్ళ బాటిల్‌కి తువ్వాలు చుట్టి పెట్టె మీద పెడుతుంటే వెనక నాన్న నిలబడి ఉన్నాడు.

"లోపల ఏమీ లేదు కదమ్మా."

"ఉంటే?" అన్నాను.

పొద్దున కాఫీ తాగుతూ "పేపర్లున్నది దొరికితే చూద్దాం" అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. మా ఇంట్లో దాన్నే ఒప్పుకోవడం అంటారు.

పేపర్లంటే ఇదీ: 2022లో చట్టాన్ని సవరించి, సైటిస్ అనే, వన్యప్రాణుల వ్యాపారం మీది అంతర్జాతీయ ఒప్పందం జాబితాలోని విదేశీ జంతువులను కూడా అందులోకి తెచ్చారు. 2024లో వచ్చిన నియమాల ప్రకారం ఇలాంటివి ఉన్నవాళ్ళు కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. చేతులు మారినా, పిల్లలు పెట్టినా, చచ్చిపోయినా తెలియజేయాలి. ఉద్యోగానికి విదేశం వెళ్తున్న ఒకాయన దగ్గర అలా నమోదైన పాము ఉందని తెలిసి, ప్లస్ వన్ (పదకొండో క్లాసు) సెలవుల్లో వెళ్ళి మాట్లాడాం. నాకింకా పద్దెనిమిది నిండలేదు కాబట్టి బదిలీ పని మొత్తం నాన్న పేరు మీదే జరిగింది. ఇప్పుడు నాతో ఏ గొడవొచ్చినా "నా పాము" అంటాడు.

వచ్చిన కొత్తలో అది ఐదు వారాలు ఏమీ తినలేదు. చోటు మారితే ఇలా జరగడం మామూలేనని చదివాను. చదివినా టెన్షన్ తగ్గలేదు. ఆరో వారం తిన్నది.

అమ్మ ఇంతవరకు దాన్ని ముట్టుకోలేదు, దాని పేరు కూడా పలకదు. రోజూ పడుకునే ముందు తలుపు దగ్గర నిలబడి "గొళ్ళెం వేశావా?" అంటుంది. వేశానంటాను. "మళ్ళీ చూడు" అంటుంది. లేచి చూస్తాను.