జీతం పెంపు మీద మేం వేసిన ఓట్లు: ఇంగ్లాండ్‌లో నర్సుగా నా అనుభవం

ఇంగ్లాండ్ వచ్చే మన నర్సులు ఒకప్పుడు నన్ను ఆస్కీ పరీక్ష (ఇక్కడ నర్సుగా రిజిస్టర్ అవ్వాలంటే పాసవ్వాల్సిన ప్రాక్టికల్ పరీక్ష) గురించి, అద్దె ఇళ్ల గురించి మాత్రమే అడిగేవాళ్లు. ఈ మధ్య ఇంకో ప్రశ్న ఎక్కువైంది. "అక్కా, యూనియన్ నుంచి ఓటు వేయమని మెయిల్ వచ్చింది, వేయాలా? వేస్తే వీసాకి ఏమైనా ఇబ్బందా?" ఒక్కొక్కరికీ విడిగా వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక నాకు లేదు, అందుకే ఇక్కడ ఒకసారి మొత్తం రాసేస్తున్నా.

ముందు నా సంగతి. హైదరాబాద్‌లో ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో కొన్నేళ్లు చేసి 2021లో ఎన్‌హెచ్‌ఎస్‌కి, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థకి వచ్చాను. అక్కడ జీతం పెంచడమంటే హెచ్‌ఆర్ వాళ్లు పిలిచి ఒక లెటర్ చేతిలో పెట్టడం, మనం థాంక్యూ సార్ అని బయటికి రావడం. సుప్రీంకోర్టు చెబితే కేంద్రం కమిటీ వేసి, యాభై పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలో అయినా నర్సుకి నెలకి 20,000 రూపాయలకి తగ్గకూడదని 2016లోనే తేల్చింది. మా దగ్గర ఆ మాట ఎత్తినవాళ్లు లేరు, యూనియన్ అనే పదమే గుసగుసగా వినిపించేది. కాబట్టి ఇక్కడ ఇండక్షన్ రోజున ఆర్‌సీఎన్ అనే నర్సుల యూనియన్ ఫారం ఇచ్చినప్పుడు జీతం కోసమని నేను చేరలేదు. రేపు ఏదైనా కంప్లైంట్ వచ్చి విషయం నర్సుల రిజిస్ట్రేషన్ చూసే ఎన్‌ఎంసీ దాకా వెళ్తే పక్కన నిలబడేవాళ్లు కావాలి కదా, అందుకు చేరాను. మనవాళ్లలో చాలామంది చేరేది అందుకే.

ఇక్కడ జీతం ఎలా పెరుగుతుందో అర్థం కావడానికే నాకు కొంతకాలం పట్టింది. మన ట్రస్టుతో (మన ఆసుపత్రిని నడిపే ఎన్‌హెచ్‌ఎస్ సంస్థతో) మనం బేరం ఆడేది ఏమీ ఉండదు. 2004 నుంచి అజెండా ఫర్ చేంజ్ అనే ఒకే పే స్కేలు నడుస్తోంది, కొత్త నర్సు బ్యాండ్ 5లో మొదలవుతుంది. పే రివ్యూ బాడీ అని ఒకటుంది, అది అన్ని పక్షాల వాదనలూ తీసుకుని ఇంత శాతం ఇవ్వండని సిఫారసు చేస్తుంది, చివరికి ఎంతన్నది ప్రభుత్వం ప్రకటిస్తుంది. మన పీఆర్సీ లాంటిదే, కాకపోతే ఏటా ఉంటుంది. నేను చెప్పే ఈ ఏళ్లలో ఏప్రిల్ 1 నుంచి రావాల్సింది కొన్ని నెలలు ఆలస్యంగా అరియర్స్‌తో కలిపి వచ్చేది. ప్రభుత్వం ప్రకటించాక యూనియన్లు తమ సభ్యులను అడుగుతాయి, ఇది సరిపోతుందా అని. అసలు కథంతా అక్కడే.

2022 జూలైలో ప్రభుత్వం చాలామందికి ఏడాదికి 1,400 పౌండ్లు పెంచుతున్నాం అంది. దాంతో బ్యాండ్ 5 మొదటి మెట్టు 27,055 పౌండ్లయింది. అదే ఏడాది అక్టోబరులో ద్రవ్యోల్బణం 11.1 శాతం. హీటర్ వేయాలంటే భయపడి ఇంట్లో స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని కూర్చున్న రోజులవి. ఆర్‌సీఎన్ సమ్మె మీద ఓటింగ్ పెట్టింది.

ఇక్కడ అందరూ తికమక పడే విషయం ఒకటుంది. అభిప్రాయం అడగడం వేరు, సమ్మె బ్యాలెట్ వేరు. మొదటిది ఫోన్లో లింకు నొక్కి అయిపోతుంది, దాంతో సమ్మె చేసే హక్కు రాదు. రెండోది చట్టం ప్రకారం జరిగేది, అప్పట్లో పోస్టులో ఇంటికి కాగితం రావాలి, టిక్కు పెట్టి వాళ్లిచ్చిన కవర్లోనే పెట్టి పోస్టు డబ్బాలో వేయాలి. 2016లో తెచ్చిన చట్టం ప్రకారం ఓటు హక్కున్నవాళ్లలో కనీసం సగం మంది ఓటు వేస్తేనే అది చెల్లేది. పైగా ఆ ఏడాది లెక్క ట్రస్టు వారీగా కట్టారు, అంటే పక్క ఊరి ఆసుపత్రి దాటినా మీ ఆసుపత్రి యాభై దాటకపోతే మీకు సమ్మె లేదు.

నేనప్పుడు హాస్పిటల్ అకామడేషన్‌లోనే ఉన్నాను. కింద మెయిన్ డోర్ పక్కన ఒక చిన్న బల్ల, దాని మీద ఎప్పుడో ఇళ్లు మారిపోయినవాళ్ల ఉత్తరాల గుట్ట, పిజ్జా కరపత్రాలు, బ్యాంకు కవర్లు. అక్టోబరు రెండో వారానికి వాటి మధ్య ఒకే రకం కవర్లు వరసగా కనిపించడం మొదలైంది. అందరివీ మనకి తెలిసిన పేర్లే, మలయాళీ పేర్లు, ఫిలిప్పీన్స్ పేర్లు, రెండు మూడు మన ఇంటిపేర్లు కూడా. వాళ్లెవరూ ఆ బిల్డింగ్‌లో లేరు! మా వార్డులో పనిచేసే మలయాళీ చేచీ ఒకావిడ నైట్ డ్యూటీ దిగి వచ్చి, కోటు కూడా విప్పకుండా అక్కడే నిలబడి, కవర్ల మీద పేర్లు చూసి ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది, వచ్చి మీ కవరు తీసుకెళ్లండి అని. కొందరు వచ్చారు. కొందరు "ఆదివారం వస్తా" అన్నారు, ఆ ఆదివారం రాలేదు. కాగితం అందకపోతే యూనియన్‌కి ఫోన్ చేసి ఇంకోటి తెప్పించుకోవచ్చు, కానీ దానికీ ఒక ఆఖరి తేదీ ఉంటుంది, అది దాటాక నిద్ర లేచినవాళ్లు చాలామంది.

వీసా భయం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ బల్ల మీద కవర్లు అలా ఉండిపోవడానికి అడ్రసు ఒక్కటే కారణం కాదు. స్పాన్సర్‌షిప్ మీద ఉన్నవాళ్లు జీతం లేకుండా ఏడాదిలో నాలుగు వారాలకి మించి సెలవులో ఉంటే సమస్య. చట్టబద్ధంగా జరిగే సమ్మె రోజులకి ఆ నియమం నుంచి మినహాయింపు ఉంది. ఇది హోం ఆఫీస్ నిబంధనల్లోనే ఉంది. ఆ ముక్క మా యూనియన్ రెప్ కాగితం మీద ప్రింట్ తీసి స్టాఫ్ రూమ్ ఫ్రిజ్‌కి అంటించింది. అయినా మనవాళ్లలో ఒకమ్మాయి "నియమం సరే అక్కా, మేనేజర్ మనసులో పెట్టుకుంటే?" అంది. దానికి ఏ ప్రింటౌట్ సమాధానం చెబుతుంది?

మా ట్రస్టు యాభై దాటింది. దాటనివి చాలానే ఉన్నాయి. ఆర్‌సీఎన్ 106 ఏళ్ల చరిత్రలో ఇంగ్లాండ్‌లో మొదటి సమ్మె 2022 డిసెంబరు 15న జరిగింది. మా వంతు జనవరిలో వచ్చింది. పికెట్ లైన్ (సమ్మె చేసేవాళ్లు ఆసుపత్రి బయట నిలబడే చోటు) గురించి అందరూ చాలా రాశారు, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు, చలి, హారన్లు, టీ ఫ్లాస్కులు. ప్రాణం మీదికొచ్చే వార్డులకి మినహాయింపులిచ్చారు కాబట్టి కొందరు లోపల డ్యూటీలోనే ఉన్నారు. ఆ నెల పే స్లిప్‌లో కోత పడింది, సమ్మె నిధి నుంచి కొంత వచ్చింది, కోత మొత్తం పూడలేదు.

ఇక మార్చి. నాకు అన్నిటికన్నా బాగా గుర్తున్నది సమ్మె కాదు, ఆ మార్చి, ఏప్రిల్ నెలల్లో మా స్టాఫ్ రూమ్. ప్రభుత్వం చర్చలకొచ్చి 2023 మార్చి 16న ఒక ప్రతిపాదన పెట్టింది. 2023-24కి 5 శాతం, అయిపోయిన ఏడాదికి ఒక్కసారి ఇచ్చే మొత్తం, బ్యాండును బట్టి 1,655 నుంచి 3,789 పౌండ్ల దాకా. ఆర్‌సీఎన్ నాయకత్వం దీన్ని ఒప్పుకోమని సభ్యులకి సలహా ఇచ్చింది. ఓటు ఆన్‌లైన్‌లోనే.

మా వార్డు రెండుగా చీలింది. మన తెలుగమ్మాయే ఒకామె, భర్త డిపెండెంట్‌గా వచ్చి ఇంకా ఉద్యోగం వెతుక్కుంటున్నాడు, ఇద్దరు పిల్లలు. "రెండు వేల పౌండ్లు ఒకేసారి వస్తుంటే కాదని చెప్పే స్తోమత నాకు లేదు" అని ఒప్పుకోవడానికే వేసింది. నేను వద్దనే వేశాను. ఒక్కసారి ఇచ్చే డబ్బు బేసిక్‌లో కలవదు, అంటే వచ్చే ఏడాది 5 శాతం లెక్కేసేటప్పుడు అది లేనట్టే, పెన్షన్‌కీ లేనట్టే. మన దగ్గర ప్రభుత్వ ఉద్యోగులు ఐఆర్ (మధ్యంతర భృతి) వేరు, ఫిట్‌మెంట్ (బేసిక్‌లో కలిసే పెంపు) వేరు అని ఎందుకంత గొడవ పడతారో నాకు అప్పుడు తలకెక్కింది. ఆమెతో మాత్రం నేను వాదించలేదు. ఆమె లెక్క ఆమె ఇంటిది.

ఏప్రిల్ 14న ఫలితం వచ్చింది. 54 శాతం వద్దన్నారు, 61 శాతం మంది ఓటు వేశారు. నాయకులు ఒప్పుకోమన్నదాన్ని సభ్యులు కొట్టేశారు! మా పిన్ని కూతురు ఆంధ్రాలో ప్రభుత్వ స్టాఫ్ నర్సు. 2022 ఫిబ్రవరి 3న చలో విజయవాడకి జనం ఎలా పోటెత్తారో తను చెబుతూ ఉండేది, 27 శాతం ఐఆర్ తీసుకుంటున్నవాళ్లకి 23 శాతం ఫిట్‌మెంట్ ఇస్తే రివర్స్ పీఆర్సీ అని మండిపడ్డ రోజులు. రెండు రోజులు తిరిగేసరికి నాయకులు మంత్రుల కమిటీతో కూర్చుని సమ్మె విరమించారు, ఫిట్‌మెంట్ 23 దగ్గరే ఉండిపోయింది, ఉపాధ్యాయ సంఘాలు మాకిది సమ్మతం కాదని బయటికొచ్చాయి. మా ఫలితం గురించి చెబితే తను అడిగిన మొదటి ప్రశ్న, "అంటే మీ దగ్గర సంతకం పెట్టేముందు మిమ్మల్ని అడిగారా?" అడిగారు. ఆ ఒక్క విషయంలో నాకు ఈ వ్యవస్థ మీద గౌరవం ఉంది, మిగతా విషయాల్లో తిట్టుకున్నా సరే.

కానీ అడిగినంత మాత్రాన అయిపోలేదు. ఎన్‌హెచ్‌ఎస్‌లో మేం ఒక్కళ్లమే కాదు కదా, యూనిసన్, జీఎంబీ, యునైట్ అన్నీ ఉన్నాయి. యూనిసన్ సభ్యుల్లో 74 శాతం ఒప్పుకున్నారు. మే 2న యూనియన్లన్నీ కూర్చునే స్టాఫ్ కౌన్సిల్‌లో ఎక్కువ ఓట్లు ఒప్పుకోవడానికే పడ్డాయి, ప్రభుత్వం అందరికీ అమలు చేసేసింది. వద్దని వేసిన నాకూ జూన్ జీతంలో ఆ డబ్బు పడింది. ఈలోపు మేమింకా సమ్మె చేస్తున్నాం, అందులో మే 2 రోజు చెల్లదని హైకోర్టు అంది, ఎందుకంటే బ్యాలెట్ ఇచ్చిన ఆరు నెలల గడువు మే 1 అర్ధరాత్రితో అయిపోతోంది. సమ్మె కొనసాగాలంటే మళ్లీ కాగితాలు, మళ్లీ కవర్లు.

ఆ రెండో బ్యాలెట్ మే 23 నుంచి జూన్ 23 దాకా, ఈసారి ఇంగ్లాండ్ మొత్తానికి ఒకే లెక్క. ఓటు వేసినవాళ్లలో 84 శాతం సమ్మెకే వేశారు. ఓటు వేసింది మాత్రం 43 శాతం. అంతే, అక్కడితో ఉద్యమం ఆగిపోయింది. నా ఉద్దేశంలో కారణాలు వెతకడానికి ఎక్కడికో వెళ్లక్కర్లేదు, బ్యాలెట్ నడుస్తుండగానే జూన్ పే స్లిప్‌లో డబ్బు పడింది, జనం అలసిపోయారు, కొందరు అప్పటికే సెలవుల్లో ఊళ్లకెళ్లారు. ఇంకో సంగతి చాలామందికి తట్టదు. సమ్మె ఇష్టం లేనివాడు "వద్దు" అని టిక్కు పెట్టి పంపితే సగం దాటించడానికి తనే సాయం చేసినట్టు. కాగితం టేబుల్ మీద వదిలేస్తేనే అతని పని జరుగుతుంది. అలా ఊరికే వదిలేసినవాళ్లూ, కావాలని వదిలేసినవాళ్లూ లెక్కలో ఒకటే. ఇలాంటి నియమం రాసినవాళ్లకి మనుషుల బద్ధకం మీద ఎంత నమ్మకమో.

తర్వాతి ఏళ్లు త్వరగా చెప్పేస్తా. 2024లో కొత్త ప్రభుత్వం 5.5 శాతం ఇచ్చింది, ఆర్‌సీఎన్ అడిగితే మూడింట రెండొంతుల మంది చాలదన్నారు, డబ్బు అక్టోబరులో వచ్చింది. 2025 మేలో 3.6 శాతం అన్నారు, అప్పుడు ద్రవ్యోల్బణం 3.5. అదే రోజు రెసిడెంట్ డాక్టర్లకి సగటున 5.4 శాతం. మా వార్డులో ఆ రోజు హ్యాండోవర్ కూడా సరిగ్గా జరగలేదంటే నమ్మండి. కొత్తగా చేరే బ్యాండ్ 5 నర్సుకి ఈ 3.6 అంటే ఏడాది జీతం 29,970 నుంచి 31,049కి వెళ్లడం, నెలకి తొంభై పౌండ్లు, టాక్స్, ఎన్‌ఐ (నేషనల్ ఇన్సూరెన్స్), పెన్షన్ పోగా చేతికొచ్చేది అరవైకి కాస్త అటూ ఇటూ. ఆ లెక్క నేను స్టాఫ్ రూమ్ బోర్డు మీద వేసి చూపించాను. ఆ నెలలోనే శాశ్వత నివాసానికి అయిదేళ్లు కాదు పదేళ్లు అంటూ శ్వేతపత్రం వచ్చింది, దాంతో వీసా మీద ఉన్నవాళ్ల టెన్షన్ ఇంకో మెట్టెక్కింది. అయినా జూలై చివరికి ఫలితం చూస్తే 56 శాతం ఓటు వేశారు, అందులో 91 శాతం చాలదన్నారు. గుర్తుంచుకోండి, ఇది ఆన్‌లైన్ అభిప్రాయమే. దీంతో ఎవరూ సమ్మెకి దిగలేరు, ప్రభుత్వానికి మాత్రం లెక్క తెలుస్తుంది. 3.6 శాతం ఆగస్టులో అరియర్స్‌తో పడింది.

ఇప్పుడు నన్ను అడిగేవాళ్లకి. మెయిల్ వస్తే వేయండి, ఏమని వేయాలో నేను చెప్పను. మీరు ఏమని వేశారో మీ మేనేజర్‌కి తెలిసే దారి లేదు, అది స్వతంత్ర సంస్థ లెక్కిస్తుంది. ఇల్లు మారితే యూనియన్ వెబ్‌సైట్‌లో అడ్రసు అదే వారం మార్చండి, ట్రస్టు మారితే పనిచేసే చోటు కూడా మార్చండి, అడ్రసు మార్చినవాళ్లు కూడా రెండోది మర్చిపోతారు, అది తప్పుంటే యూనియన్ లెక్కలో మీరింకా పాత ట్రస్టులోనే ఉంటారు. స్పామ్ ఫోల్డర్ చూడండి. చందా ఎక్కువ అనిపిస్తే దాని మీద టాక్స్ రిలీఫ్ క్లెయిమ్ చేసుకోవచ్చు, ఎన్‌ఎంసీ ఏడాది ఫీజు మీద కూడా వస్తుంది, పాత సంవత్సరాలవి నాలుగేళ్ల వరకు వెనక్కి అడగొచ్చు, ఏజెంట్‌కి కమీషన్ ఇవ్వక్కర్లేదు, హెచ్‌ఎంఆర్‌సీ (ఇక్కడి పన్నుల శాఖ) సైట్‌లో మీరే చేసుకోవచ్చు.