గొంతు ఎండిపోతాంది పాపా

చెన్నై నుంచి దుబాయ్ వచ్చే విమానంలో రాయచోటి వైపు పెద్దమ్మ ఒకామె దిగబోతూ సంచి విప్పి రెండు చెనిక్కాయ ఉండలు నా చేతిలో పెట్టింది. ఆ విమానంలో ఎయిర్‌హోస్టెస్‌గా నేను చేసిందల్లా మధ్యలో ఒకసారి "నీళ్లు కావాల్నా పెద్దమ్మా?" అని అడగడమే. "ఎక్కినప్పట్నుంచి గొంతు ఎండిపోతాంది పాపా. ఎవుర్నడగాల్నో, ఏమని అడగాల్నో తెలీక ఊరికే కూర్చున్యా" అంది. మనిషి బొమ్మ ఉన్న బొత్తాం ఆమె చేతి పక్కనే ఉంది. అది నొక్కితే మేమొస్తామని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఇండియా విమానాల గురించి గ్యాలీలో, అంటే విమానంలోని వంటగదిలో, తరచూ వినిపించే మాట ఒకటుంది: "వీళ్లు ఎక్కింది మొదలు నీళ్లు, నీళ్లు." రోస్టర్‌లో (డ్యూటీల పట్టికలో) ఆ సెక్టార్ (ఆ రూటు) పడితే వేరేవాళ్లతో మార్చుకోవాలని చూసేవాళ్లూ ఉన్నారు. అంత దాహం ఎందుకో ఒక్కసారి లెక్క వేయండి. రాజంపేటలోనో రాయచోటిలోనో బస్సెక్కి చెన్నై చేరి, మూడు గంటల ముందే విమానాశ్రయం లోపలికి పోవాలి. ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్లసీసా సెక్యూరిటీ దగ్గర పోతుంది, 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవం ఏదీ లోపలికి రానివ్వరు. అవతల అంగట్లో సీసా ధర వింటే కొనబుద్ధి కాదు. (ఖాళీ సీసా తీసుకుపోవచ్చు, లోపల కొళాయి దగ్గర పట్టుకోవచ్చు. కువైట్ పోయేవాళ్లు మీ ఇళ్లలో ఉంటే ఈ సంగతి చెప్పండి.) ఆపైన క్యాబిన్ గాలిలో తేమ 20 శాతం కూడా ఉండదు. అంటే మా ముందు కూర్చునేసరికే అది సగం రోజు దాహం. దాన్ని నాగరికత తెలియనితనం కింద జమకట్టడం నాకు మింగుడుపడదు.

ఊర్లో అడిగేది వేరే. "జీతం నెలకు రెండు లక్షలు దాటుతాదంట గదా?" అంటారు. దాటుతుంది, కానీ ఎట్లా దాటుతుందో చూడాలి. అందరికీ తెలిసిన లెక్కే తీసుకుందాం. ఎమిరేట్స్ తన నియామక ప్రకటనల్లో చెప్పింది ఇది: మూల వేతనం 4,430 దిర్హమ్‌లు, ఎగిరిన ప్రతి గంటకు 63.75, నెలకు 80 నుంచి 100 గంటలు, సగటున మొత్తం 10,170. దిర్హమ్ 23 రూపాయలనుకుంటే 2,33,910 రూపాయలు. అక్కడ ఆదాయపు పన్ను లేదు, ఉండే గది, డ్యూటీకి బస్సు సంస్థవే. అయితే సగానికి పైగా డబ్బు గంటల మీద వచ్చేదే. సెలవు మీద కర్నూలు వచ్చి నెలంతా ఉంటే ఆ నెల గంటలు సున్నా. చేతికి మిగిలేది మూల వేతనం, లక్షకు కాస్త పైన. అందుకే ఇంటి అప్పు కంతు పెట్టుకునేటప్పుడు 10,170 చూసి కాదు, 4,430 చూసి పెట్టుకోండి. ఉద్యోగం మానేటప్పుడు వచ్చే గ్రాట్యుటీ కూడా మూల వేతనం మీదే: యుఏఈ చట్టం ప్రకారం మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల జీతం. ఐదేళ్లకు 15,505 దిర్హమ్‌లు, అంతే.

వేరే దేశంలో రాత్రి ఉంటే భోజనానికి అలవెన్స్ ఇస్తారు. వండుకున్నది తీసుకుపోయి ఆ డబ్బు మిగుల్చుకునేవాళ్లు చాలామంది. సిడ్నీ పోతుంటే మాత్రం సంచిలోని ఊరగాయ సంగతి కస్టమ్స్ కార్డులో రాయాలి, దాస్తే జరిమానా. ఉద్యోగులకు సంస్థ ఇచ్చే స్టాఫ్ టికెట్ చవకే, కానీ సీటు ఖాళీ ఉంటేనే ఎక్కనిస్తారు. సంక్రాంతికి హైదరాబాద్ విమానంలో ఖాళీ ఎక్కడిది?

ఇప్పుడు అసలు సంగతి. చాలా సంస్థల్లో జీతమిచ్చే ఆ గంటల లెక్క విమానం గేటు నుంచి కదిలాక మొదలై, వచ్చి ఆగాక ముగుస్తుంది. ప్రయాణికులు ఎక్కే సమయం అందులోకి రాదు. అమెరికాలో డెల్టా 2022లో ఎక్కించే సమయానికి సగం రేటు ఇవ్వడం మొదలుపెట్టింది. 2025 ఆగస్టులో ఎయిర్ కెనడా విమాన సిబ్బంది సమ్మెకు దిగిందీ ముఖ్యంగా ఈ నేలమీది పనికి జీతం కోసమే. మన తెలుగుకు ఎక్కువ పని పడేది సరిగ్గా ఆ సమయంలోనే. సీటు నంబరు చూపించాలి, పత్రాల సంచి పైన పెట్టనని పట్టుకున్నామెకు నచ్చజెప్పాలి. దిగాక కువైట్ విమానం ఏ గేటులో ఉందో బోర్డింగ్ పాస్ మీద వేలుపెట్టి చూపాలి. అమెరికా సంస్థల్లో కొన్ని విదేశీ భాష వచ్చినవాళ్లకు ఆ రూట్లలో గంటకు అదనంగా ఇస్తాయి. నా జీతం చీటీలో తెలుగుకు గడి లేదు.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆ భాష విలువ ఇంకా బాగా తెలుస్తుంది. 2016 ఆగస్టు 3న తిరువనంతపురం నుంచి వచ్చిన విమానం దుబాయ్ రన్‌వే మీద కూలి కాలిపోయింది. లోపలున్న 300 మందీ బయటపడ్డారు, మంటలార్పే ఉద్యోగి ఒకరు చనిపోయారు. పొగలో కూడా చాలామంది పైఅరలు తెరిచి సంచులు దించుకున్నారు. మేం అరిచే ఆదేశాలు ఇంగ్లీషులో ఉంటాయి. "సంచులు ఇడ్సండి! దుంకండి!" అంటే రాయచోటి మనిషి కాళ్లు ముందు కదులుతాయి.

ఈ ఉద్యోగానికి పోదామనుకునే మన పిల్లలకు ఒక మాట. ఇంగ్లీషు ధారాళంగా రావాల్సిందే. అమెరికా యాస అరువు తెచ్చుకోకండి, ఒక పేరా బిగ్గరగా, నిదానంగా, తడబడకుండా చదవడం సాధన చేయండి. 'జూ' (zoo)కీ 'జామ్' (jam)కీ మొదటి ధ్వని వేరు, మనం రెండూ ఒకటిగా పలుకుతాం. దరఖాస్తులో హిందీ, తెలుగు అని రాసి ఊరుకుంటారు. కర్నూలు, కడప వీధుల్లో వచ్చిన ఉర్దూ ఏమైంది? అది పాకిస్తాన్ ప్రయాణికులతోనూ పనికొస్తుంది. హిందూపురం, మడకశిర పిల్లలకు కన్నడ ఊరికే వస్తుంది, బెంగళూరు సెక్టార్‌లో అది బంగారం. ఏ భాష మాట్లాడగలరో, ఏది చదవగలరో విడివిడిగా రాయండి.

తెలుగు తెలియని సిబ్బందితో కూడా ఈ దాహం తీర్చవచ్చు. 1.5 లీటర్ల సీసాకు 150 మిల్లీలీటర్ల గ్లాసులు పది. సీట్‌బెల్ట్ దీపం ఆరగానే, భోజనం బండి కదలకముందే, నాలుగు సీసాలతో రెండు నడవల్లో ఒక్క చుట్టు తిరిగితే గ్యాలీకి వచ్చే పిలుపులు సగం తగ్గిపోతాయి. మనీలా నుంచి వచ్చిన తోటి ఉద్యోగిని ఇప్పుడు "నీళ్లు కావాల్నా?" అని అడగడం నేర్చుకుంది. దీర్ఘం కొంచెం ఎక్కువ తీస్తుంది, కానీ గ్లాసు కోసం చేతులు వెంటనే చాస్తున్నారు.