పీటీఎస్‌డీకి చికిత్స, ఈసీహెచ్‌ఎస్‌లో దానికి దారి

ఆర్మీ నుంచి హవల్దారుగా రిటైరై ఇంటికొచ్చాక నాకు పీటీఎస్‌డీ, అంటే ప్రాణభయం కలిగించిన అనుభవం మనసులోంచి పోకుండా వేధించే జబ్బు, అని తేలింది. సర్వీసులో ఒక టెన్యూర్ కశ్మీర్ కుప్వారాలో, మిలిటెంట్ల మీద పోరాడే రాష్ట్రీయ రైఫిల్స్‌తో. మాజీ సైనికుల వైద్యానికి ఎన్ని వేల కోట్లు ఇచ్చారన్న వాదన ఏటా ఫిబ్రవరిలో, బడ్జెట్ రోజున టీవీల్లో నడుస్తుంది. ఆ డబ్బులో మనసు జబ్బు దాకా వచ్చేదెంత అని ఎవరైనా అడగగా నేను వినలేదు. ఈ జబ్బుకు ఏ మందు ఎందుకు ఇస్తారో, మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ దారిలో ఏ గుమ్మం దగ్గర ఆగిపోతామో తెలిస్తే అడగాల్సింది ఏమిటో మనకే తెలుస్తుంది.

ముందు జబ్బు. డాక్టర్లు దీన్ని నాలుగు రకాల లక్షణాలతో గుర్తుపడతారు. జరిగినది పీడకలగానో, పట్టపగలు కళ్ళముందు బొమ్మగానో తిరిగి రావడం ఒకటి. దాన్ని గుర్తుచేసే చోటుకీ మనిషికీ మాటకీ దూరంగా తిరగడం రెండోది. తప్పంతా తనదే అనిపించడం, కన్నబిడ్డల మీద కూడా ప్రేమ పుట్టకపోవడం మూడోది. ఒళ్ళంతా ఎప్పుడూ కాపలా డ్యూటీలో ఉన్నట్టు ఉండడం నాలుగోది. పెళ్ళి ఊరేగింపులో బాణసంచా పేలితే నేలమీద పడుకోవడం, హోటల్లో గోడకు వీపు ఆనించి తలుపు కనిపించేలా కూర్చోవడం, రాత్రి మా ఆవిడ నిద్రలేపడానికి చెయ్యి వేస్తే ఆ చెయ్యి మెలిపెట్టడం, ఇవన్నీ ఈ నాలుగోదాని కిందికే వస్తాయి. నెల దాటి ఇలాగే ఉంటే పీటీఎస్‌డీని అనుమానించాలి. పీసీఎల్-5 అని ఇరవై ప్రశ్నల కాగితం ఒకటుంది. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 4 మార్కులు, మొత్తం 80. 31-33 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే సైకియాట్రిస్ట్ పూర్తిగా పరీక్షించాలి. ప్రశ్నలు ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చదివి అడగమనండి. మొహమాటానికి అన్నిటికీ సున్నా పెట్టేసిన ఎక్స్ సర్వీస్‌మెన్‌ను చాలామందిని చూశాను.

మనలో ఎక్కువమందికి దీని పక్కనే రెండో జబ్బు ఉంటుంది, తాగుడు. క్యాంటీన్ కోటా చేతిలో ఉంటుంది, రెండు పెగ్గులతో నిద్ర పడుతుంది. అయితే ఆ నిద్ర తెల్లవారుజామున తెగిపోతుంది, తెగినచోట పీడకల ఇంకా గట్టిగా వస్తుంది. రోజూ బాగా తాగే మనిషి ఇంట్లోవాళ్ళ మాట మీద ఒక్కసారిగా మానేయడం ప్రమాదం. మొదటి రోజే వణుకు, చెమట మొదలవుతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. 48 నుంచి 72 గంటల మధ్య మతి తప్పి, లేని మనుషులు కనిపించే స్థితి వస్తే ప్రాణం మీదికొస్తుంది. అందుకే ఆసుపత్రిలో చేర్చి క్లోర్‌డయాజెపాక్సైడ్ అనే మాత్ర ఇచ్చి, రోజురోజుకూ డోసు తగ్గిస్తూ ఆపుతారు. ఇక్కడ మన ఊళ్ళలో జరిగే పెద్ద పొరపాటు ఒకటి చెప్పాలి. నీరసంగా ఉన్నాడనగానే ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ సెలైన్ ఎక్కిస్తారు. ఏళ్ళ తరబడి తాగిన ఒంట్లో బీ1 విటమిన్ అడుగంటి ఉంటుంది. థయమిన్ ఇంజక్షన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన కాస్తా ఖర్చైపోయి మెదడు దెబ్బతినవచ్చు. ముందు థయమిన్, తరువాతే గ్లూకోజ్. ఇంట్లోవాళ్ళు ఈ ఒక్క మాట నోటికి పట్టుకుంటే చాలు.

నాకు మొదట రాసిన మందు సెర్ట్రలిన్, డిప్రెషన్‌కు కూడా వాడేది. 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 50కి, ఆ తరువాత అవసరాన్ని బట్టి పెంచుతారు. పైకి 200 దాకా వెళ్ళొచ్చు. మొదటి రెండు వారాలు కడుపులో తిప్పుతుంది, అన్నం తిన్నాక వేసుకుంటే తగ్గుతుంది. గుణం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చాలామంది ఈ మధ్యలోనే 'పనిచెయ్యట్లేదు' అని ఆపేస్తారు. కొందరికి దాంపత్యంలో ఇబ్బంది వస్తుంది, సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పాలి, మందు మార్చే వీలుంది. బాగున్నాక కూడా కనీసం ఆరు నెలల నుంచి ఏడాది వాడాలి. ఒక్కసారిగా ఆపితే తలలో కరెంటు షాకు కొట్టినట్టు జివ్వుమంటుంది, కళ్ళు తిరుగుతాయి. అదే చూసి జబ్బు తిరగబెట్టిందనుకుంటారు.

పీడకలలకు ప్రజోసిన్ ఇచ్చారు. అది నిజానికి బీపీ మాత్ర. రాత్రి పడుకోబోయేముందు 1 మిల్లీగ్రాముతో మొదలు. మొదటి డోసు తరువాత గబుక్కున లేస్తే బీపీ పడిపోయి కిందపడతారు. మంచం అంచున కాసేపు కూర్చుని, కాళ్ళు కిందపెట్టి, అప్పుడు లేవాలి. 2018లో వెలువడిన అమెరికా మాజీ సైనికుల పెద్ద పరీక్షలో ఈ మందుకూ ఉత్తుత్తి మాత్రకూ తేడా తేలలేదు. అయినా కొందరికి పనిచేస్తుందని డాక్టర్లు ఇంకా వాడుతున్నారు, నాకు పనిచేసింది. నిద్రకూ ఆందోళనకూ వేసుకునే ఆల్ప్రజోలం సంగతి వేరు. మెడికల్ షాపులో చీటీ లేకుండా దొరికినా జోలికి పోకండి. పీటీఎస్‌డీకి అది వైద్యం కాదు, అలవాటవుతుంది, తాగి ఉన్నప్పుడు వేసుకుంటే ఊపిరే ఆగొచ్చు.

మాత్రలతో నిద్ర కుదుటపడింది. జబ్బు వంగింది మాత్రం మాట్లాడే చికిత్సతో. దాన్ని ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ అంటారు. ఎనిమిది నుంచి పదిహేను సెషన్లు, వారానికి ఒకటి, ఒక్కోటి గంట నుంచి గంటన్నర. మొదట ఊపిరి నెమ్మదిగా తీసే పద్ధతి నేర్పుతారు. తరువాత, తప్పించుకు తిరుగుతున్నవాటిని వరసగా రాయిస్తారు. ఒక్కోదానికి భయం ఎంతో 0 నుంచి 100 దాకా అంకె వేయాలి. నా కాగితంలో బస్టాండులో జనం మధ్య నిలబడడం 40, దీపావళి రాత్రి డాబా ఎక్కడం 90. చిన్న అంకెతో మొదలుపెట్టి, భయం సగానికి సగం దిగేదాకా అక్కడే ఉండాలి. భయం ఎక్కువగా ఉన్నప్పుడే వచ్చేస్తే పారిపోవడమే మందని ఒంటికి నేర్పినట్టవుతుంది. మరోవైపు, సెషన్‌లో కళ్ళు మూసుకుని జరిగినదంతా ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పాలి, అది ఫోన్‌లో రికార్డు చేసి రోజూ ఇంట్లో వినాలి. మొదటి కొద్ది సెషన్ల తరువాత కొందరికి పీడకలలు పెరుగుతాయి. ఇది ముందే చెప్పని థెరపిస్టు దగ్గర జనం మధ్యలో మానేస్తారు. ఆ వారాల్లో ఇంట్లో మద్యం సీసా ఉండకూడదు. చనిపోవాలనే ఆలోచనలు వస్తే ఇంట్లోవాళ్ళకూ డాక్టరుకూ అదేరోజు చెప్పాలి. లైసెన్స్ తుపాకీ ఉన్నవాళ్ళు, గన్‌మన్ ఉద్యోగం చేస్తున్నవాళ్ళు ఆ కాలం ఆయుధానికి దూరంగా ఉండాలి.

ఇప్పుడు నిద్ర పడుతోంది, మనవరాలిని తీర్థానికి తీసుకెళ్ళగలుగుతున్నాను. టైరు పేలితే ఇప్పటికీ ఉలిక్కిపడతాను, కానీ నిమిషంలో సర్దుకుంటాను.

ఇక డబ్బు. ఈసీహెచ్‌ఎస్ 2003 ఏప్రిల్ 1న మొదలైంది. కేటాయింపు 2024-25లో రూ.6,968 కోట్లు, 2025-26లో రూ.8,317 కోట్లు, 2026-27లో రూ.12,100 కోట్లు. పెరగలేదని అనలేం. ఆ డబ్బు పెద్ద భాగం వెళ్ళేది ఎంప్యానెల్డ్ (పథకం జాబితాలో ఉన్న ప్రైవేటు) ఆసుపత్రుల బిల్లులకూ మందులకూ. స్టెంటుకు రేటు ఉంది, మోకాలి మార్పిడికి ప్యాకేజీ ఉంది. మనం మొదట వెళ్ళాల్సింది ఈసీహెచ్‌ఎస్ సొంత క్లినిక్‌కు, దాన్ని పాలిక్లినిక్ అంటారు. దానికి మంజూరైన పోస్టుల్లో మెడికల్ ఆఫీసర్, మెడికల్ స్పెషలిస్ట్, గైనకాలజిస్ట్, డెంటల్ ఆఫీసర్ ఉంటారు. అందరూ కాంట్రాక్టు మీదే. సైకియాట్రిస్టుకు గానీ సైకాలజిస్టుకు గానీ పోస్టు లేదు. కాబట్టి ఎంత డబ్బు పోసినా మొదటి మెట్టు దగ్గర మన జబ్బును గుర్తుపట్టే మనిషి ఉండడు. 'నిద్ర పట్టట్లేదు సార్' అంటే నిద్రమాత్ర, 'గుండె దడ' అంటే ఈసీజీ. నాకు సైకియాట్రిస్టు కన్సల్టేషన్ వరకే రెఫరల్ (పాలిక్లినిక్ బయటి ఆసుపత్రికి రాసిచ్చే చీటీ) మీద నడిచింది. సైకాలజిస్టు సెషన్లు, ఒక్కోటి వెయ్యికి పైనే, నా పెన్షన్‌లోంచి కట్టాను. చికిత్సలో జబ్బు తగ్గించిన భాగమే జేబు ఖర్చు అయింది.

రెఫరల్ తీసుకునేటప్పుడు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. చీటీ మీద 'సైకియాట్రీ' అని స్పష్టంగా ఉండాలి. జనరల్ మెడిసిన్ అని ఉంటే ఆసుపత్రిలోని ఈసీహెచ్‌ఎస్ కౌంటర్‌లో వెనక్కి పంపుతారు. మీరు ఎంచుకున్న ఆసుపత్రి ఎంప్యానెల్ అయితే చాలదు, సైకియాట్రీ విభాగానికి ఎంప్యానెల్ అయి ఉండాలి. చీటీ గడువు తేదీ చూసుకోండి. పాలిక్లినిక్ ఫార్మసీలో మందు లేకపోతే నాట్ అవైలబుల్ ముద్ర వేయించుకుని, అక్కడి పద్ధతి ప్రకారం ఆథరైజ్డ్ లోకల్ కెమిస్ట్ దగ్గర గానీ బయట గానీ తీసుకోవాలి. ముద్ర లేని బిల్లుకు డబ్బు రాదు. ప్రజోసిన్ లాంటివి తరచూ ఉండవు, అందుకని స్ట్రిప్పులో వారం మిగిలి ఉండగానే వెళ్ళాలి. ప్రాణాపాయంలో ఎంప్యానెల్ కాని ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే 48 గంటల్లో దగ్గరి పాలిక్లినిక్‌కు తెలియజేయాలి. ఇంట్లో ఆడవాళ్ళకు ఆ పాలిక్లినిక్ ఫోన్ నంబరు రాసిచ్చి ఉంచండి. బకాయిలు పేరుకుపోయాయని ఈసీహెచ్‌ఎస్ పేషెంట్లను చేర్చుకోని ఆసుపత్రులున్నాయి. సైకియాట్రీ వార్డుల సంగతి ఇంకా కష్టం. అప్పుడు సికింద్రాబాద్ మిలిటరీ హాస్పిటల్, విశాఖ ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణి లాంటి సర్వీసు ఆసుపత్రుల్లో ఖాళీ కనుక్కోండి.

డాక్టరు దొరికేలోపు టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక సాయం ఫోన్ లైన్ ఉంది, 14416. రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. 2022 అక్టోబర్ 10న మొదలైంది. 2023 డిసెంబరులో పుణెలోని సైనిక వైద్య కళాశాల ఏఎఫ్‌ఎంసీలో సైన్యం కోసం ప్రత్యేక సెల్ పెట్టారు. మంచి పని. కానీ ఆ కార్యక్రమానికి కేంద్ర బడ్జెట్‌లో 2023-24లో దాదాపు 134 కోట్లు చూపించి, 2024-25లో 90 కోట్లకు, ఆ మరుసటేడు 80 కోట్ల లోపుకు దించారు. ఈ కోత మీద ఎంపీలు నిలదీయాలి.

అసలు రాజకీయమంతా డిసెబిలిటీ పెన్షన్ (సర్వీసు వల్ల వచ్చిన జబ్బుకో గాయానికో ఇచ్చే పెన్షన్) చుట్టూ తిరుగుతోంది. 2023లో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక, రిటైరయ్యే ఆఫీసర్లలో 36 నుంచి 40 శాతం మందికీ, జవాన్లలో 15 నుంచి 18 శాతం మందికీ డిసెబిలిటీ పెన్షన్ వస్తోందని చెప్పింది. అదే ఏడాది సెప్టెంబర్ 21 నుంచి ఆ పెన్షన్‌కు కొత్త నిబంధనలు వచ్చాయి. దొంగ క్లెయిములు ఆపడానికని ఒక పక్షం, జవాన్ల నోటి దగ్గర కూడు లాగేస్తున్నారని మరో పక్షం. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: బీపీ, షుగర్ క్లెయిముల మీద కోపంతో తీసుకొచ్చిన కత్తి మనసు జబ్బు మీద ఎక్కువ లోతుగా పడుతుంది. బీపీకి మిషన్ మీద అంకె ఉంది. మన జబ్బుకు సర్వీసులో రాసిన కాగితమే సాక్ష్యం. ఆ కాగితం ఎందుకు ఉండదో సైన్యంలో పనిచేసిన ప్రతి ఒక్కరికీ తెలుసు. సైన్యంలో ఆరోగ్యానికి వేసే గ్రేడు షేప్ కేటగిరీలో మొదటి అక్షరం ఎస్ మనసుకు సంబంధించినది. ఎస్1, అంటే అన్నివిధాలా బాగున్నాడన్న గ్రేడు, నుంచి దిగితే ఆయుధం పోతుంది, ప్రమోషన్ ఆగుతుంది, మానసిక వైద్య పరీక్షకు పంపే ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-10 ఫారం కమాండింగ్ ఆఫీసర్ నింపాలి, యూనిట్ అంతటికీ తెలిసిపోతుంది. అందుకని రిటైరయ్యేదాకా నోరు మెదపరు. మెదపనివాడికి కాగితం ఉండదు, కాగితం లేనివాడికి పెన్షన్ ఉండదు.

కోర్టులు కొంత దారి చూపాయి. సర్వీసులో చేరేటప్పుడు జబ్బున్నట్టు నమోదు కాకపోతే ఆరోగ్యంగా చేరినట్టే భావించాలని, కాదని నిరూపించే భారం ప్రభుత్వానిదేనని 2013లో ధరంవీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. స్కిజోఫ్రీనియా అని ఇంటికి పంపేసిన ఒక జవాను కేసులో, కారణాలు రాయని మెడికల్ బోర్డు నివేదిక చెల్లదని 2025 మేలో మళ్ళీ చెప్పింది. తిరస్కరణ లేఖ వస్తే ఆరు నెలల్లో మొదటి అప్పీలు వేయాలి. తరువాత రెండో అప్పీలు, ఆపైన సైనికుల కేసులు వినే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్. మన రెండు రాష్ట్రాలకూ చెన్నై బెంచి. ఆలస్యంగా వెళ్ళిన చాలా కేసుల్లో బకాయిని మూడేళ్ళకే పరిమితం చేశారు.

ఇంకో లోటు, ఆత్మహత్యల లెక్క. అయిదేళ్ళలో త్రివిధ దళాల్లో 819 మంది ఆత్మహత్య చేసుకున్నారని 2022లో రాజ్యసభకు చెప్పారు. అది సర్వీసులో ఉన్నవాళ్ళ లెక్క. అమెరికాలో వెటరన్స్ శాఖ మాజీ సైనికుల ఆత్మహత్యల మీద ఏటా నివేదిక ఇస్తుంది. ఏడాదికి 6 వేలకు పైగా ఉన్న ఆ అంకెను పట్టుకునే అక్కడి పార్టీలు నిధుల కోసం కొట్లాడుకుంటాయి. మన ఊళ్ళో పెన్షన్ తీసుకునే మిలిటరీ ఆయన పురుగుల మందు తాగితే పోలీసు కాగితంలో 'కడుపునొప్పి తాళలేక' అని పడుతుంది. జిల్లా సైనిక్ వెల్ఫేర్ ఆఫీసు దగ్గర ప్రతి కుటుంబం వివరం ఉంది, లెక్క అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు.

అగ్నివీరుల సంగతి ఇప్పుడే తేల్చాలి. తొలి బ్యాచ్ నాలుగేళ్ళు 2026 చివరి నుంచి నిండుతాయి. నూటికి 75 మంది దాకా బయటికొస్తారు, వాళ్ళకు పెన్షన్ లేదు, ఈసీహెచ్‌ఎస్ లేదు. పీటీఎస్‌డీ ఏళ్ళ తరువాత కూడా బయటపడుతుంది. ఇరవై అయిదేళ్ళకు ఇంటికొచ్చే ఆ పిల్లలకు కనీసం మానసిక వైద్యం వరకైనా పాలిక్లినిక్ తలుపు తెరవాలన్నది మొదటి డిమాండ్ కావాలి. ప్రతి పాలిక్లినిక్‌కూ వారానికోరోజైనా సైకియాట్రిస్టు, సెషన్లకు రేటు, ఈ రెండూ దాని వెంటే అడగాలి. వచ్చేవాళ్ళు ఈలోపు చేయాల్సిన పని ఒకటుంది. యూనిట్ వదిలేముందు రిలీజ్ మెడికల్ బోర్డు (సర్వీసు వదిలేటప్పటి వైద్య పరీక్ష) కాగితం ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16 కాపీ, ఎంఐ రూముకు (యూనిట్ వైద్య గదికి) వెళ్ళిన ప్రతిసారి చీటీ, ఆసుపత్రిలో చేరి ఉంటే కేస్ షీట్ సారాంశం, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఫీల్డ్ ఏరియాలో ఉన్నారో చూపే పోస్టింగ్ రికార్డు తీసుకోండి. నిద్ర లేదని బోర్డు ముందు నోటితో చెప్పి ఊరుకోకండి, కాగితం మీద రాయించి, రాసింది చదివాకే సంతకం పెట్టండి.