పాపతో సైకిల్ మీద అడవి దారుల్లో

పాపకు నాలుగేళ్లు. ఈ సెలవుల్లో ముగ్గురం సైకిళ్ల మీద అడవి పక్క దారుల్లో తిరగాలని ప్లాన్ వేస్తున్నాం. మొదట రోజుకు 40 కిలోమీటర్లు అనుకున్నాను. మొన్న వెనక సీటులో కూర్చోబెట్టి గంటసేపు తిప్పితే, తల వాల్చి నిద్రపోయింది, హెల్మెట్ కళ్ల మీదికి జారింది. ఆ రోజే లెక్క 15కి దించేశాను. ఇంకొకటి, తొక్కే మనకు చెమట పడుతున్నా, కదలకుండా కూర్చున్న పిల్లలకు చలేస్తుంది. స్వెట్టర్ తప్పనిసరి.

జింకలు ఎక్కువగా మేతకొచ్చేది తెల్లవారుజామున, సాయంత్రం. పాప మధ్యాహ్నం నిద్రకు అడ్డు లేదు, నాకదే పెద్ద ఊరట! బైనాక్యులర్ 6 రెట్లు చూపించేది చాలు, 10 రెట్లదైతే చిన్న చేతుల్లో కనిపించే దృశ్యం వణుకుతుంది. పాప మాత్రం రోజూ ఒకటే అడుగుతోంది: "నాన్నా, ఉడుత ఉంటుందా?"