ఓపెన్‌జీఎల్‌కి ఇంకా చోటుంది

ఓపెన్‌జీఎల్, వల్కన్ రెండూ గ్రాఫిక్స్ కార్డు (జీపీయూ) చేత బొమ్మలు గీయించడానికి ప్రోగ్రామర్లు వాడే ఇంటర్‌ఫేస్‌లు; మొదటిది పాతది, రెండోది కొత్తది. ఈ మధ్య మా త్రీడీ వ్యూయర్‌ని ఓపెన్‌జీఎల్ నుంచి వల్కన్‌కి మారుస్తున్నా. వల్కన్‌లో తెర మీద ఒక్క త్రిభుజం కనబడాలంటే వందల లైన్ల కోడ్! మెమరీ మనమే కేటాయించుకోవాలి, సింక్రొనైజేషన్ (ఏ పని తర్వాత ఏది జరగాలో) మనమే చూసుకోవాలి. ఓపెన్‌జీఎల్‌లో ఇన్నాళ్లూ ఆ బరువంతా జీపీయూని నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవరే మోసింది.

కానీ 1992లో సిలికాన్ గ్రాఫిక్స్ ఓపెన్‌జీఎల్‌ని తెచ్చినప్పటి యంత్రాలు వేరు. ఓపెన్‌జీఎల్‌లో ఒక కాంటెక్స్ట్ (సెట్టింగులన్నీ దాచుకునే చోటు) ఒకసారికి ఒక్క థ్రెడ్‌లోనే, అంటే ప్రోగ్రామ్‌లోని ఒక్క పని వరుసలోనే పనిచేస్తుంది. ప్రాసెసర్‌లో ఎన్ని కోర్లున్నా డ్రా కాల్స్ (గీయమనే ఆదేశాలు) ఆ ఒక్క దారినే పోవాలి. పైగా స్టేట్ (గీసే తీరుకి సంబంధించిన సెట్టింగులు) మారితే డ్రైవర్ మళ్లీ అన్నీ సరిచూసుకోవాలి. మా మోడళ్లలో చిన్న చిన్న భాగాలు వేలల్లో ఉంటాయి. జీపీయూ ఖాళీగా కూర్చునేది, సీపీయూకేమో ఊపిరాడేది కాదు. వల్కన్‌లో కమాండ్ బఫర్లను (ఆదేశాల జాబితాలను) వేర్వేరు థ్రెడ్లలో నింపడం మొదలుపెట్టాక ఆ అడ్డు తొలగింది. ఆ రోజు ఎంత సంతోషమేసిందో!

అలాగని పాతది పనికిరాదని అనలేను. ఎన్నో డ్రా కాల్స్‌ని ఒక్క కాల్‌లో పంపే మల్టీ డ్రా ఇండైరెక్ట్ వాడితే ఓపెన్‌జీఎల్ 4.6లోనూ చాలా వేగం రాబట్టొచ్చు. జీపీయూ హార్డ్‌వేర్‌తో రే ట్రేసింగ్ (కాంతి కిరణాల దారిని లెక్కగట్టి గీయడం) కావాలంటే మాత్రం వల్కనో, మైక్రోసాఫ్ట్ డైరెక్ట్‌ఎక్స్ 12 లాంటిదో పట్టుకోవాల్సిందే. ఆపిల్ అయితే 2018లోనే ఓపెన్‌జీఎల్‌ని ఇక వాడొద్దని ప్రకటించి పక్కన పెట్టేసింది. లినక్స్‌లో మాత్రం మీసా (ఓపెన్ సోర్స్ గ్రాఫిక్స్ డ్రైవర్ల ప్రాజెక్టు) వాళ్ల జింక్ డ్రైవర్ పాత ఓపెన్‌జీఎల్ కాల్స్‌ని వల్కన్ మీదే నడిపిస్తోంది, నాకిది భలే నచ్చింది. గ్రాఫిక్స్ నేర్చుకుంటామని అడిగే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఇప్పటికీ ఓపెన్‌జీఎల్‌తోనే మొదలుపెట్టమంటా.